క్షయ పరీక్షలో కృత్రిమ మేధ : పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

క్షయరోగము మన గ్రామములకు క్రొత్తది కాదు. దానిని వెదకు సాధనము మాత్రము క్రొత్తది. ఒక మనిషి చేతితో ఎత్తుకొని పోదగినంత చిన్న ఎక్సురే యంత్రము, దానికి జతగా ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరులో ఛాయాచిత్రమును చూచి 'ఈ ఊపిరితిత్తులలో అనుమానింపదగిన మచ్చ కలదు' అని అక్కడికక్కడే చెప్పు కృత్రిమ మేధ. ఈ మూడును కలిసి ఇప్పుడు గ్రామ శిబిరములకు వచ్చుచున్నవి. 2024 డిసెంబరు 7 వ తేదీన దేశములోని 347 జిల్లాలలో ప్రారంభింపబడిన నూరు దినముల క్షయ నిర్మూలన ఉద్యమములో ఇట్టి సాధనములను వాడిరి. పిమ్మట ఆ కార్యక్రమమును దేశమంతటికిని విస్తరింపజేసిరి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామములలో ఇట్టి శిబిరము జరుగునప్పుడు పంచాయతీ సభ్యులు చేయవలసినదేమి? బల్లలు, కుర్చీలు, త్రాగునీరు సమకూర్చి, ఛాయాచిత్రము దిగి ఇంటికి పోయినచో వారి పని తీరినట్లేనా? తీరదు. ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు అను విషయమును 1992 నాటి 73 వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు చెందదగిన 29 విషయములలో చేర్చినది. యంత్రము ఏమి చూడగలదో, ఏమి చూడలేదో తెలిసిన సభ్యులే శిబిరపు ఫలమును గ్రామమునకు దక్కింపగలరు. కావున ముందుగా యంత్రము పని చేయు తీరును తెలిసికొందము.

నీడను చదువుట

1895 నవంబరు 8 వ తేదీన జర్మనీ దేశమున రాంట్‌జన్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు కంటికి కనబడని ఒక క్రొత్త కిరణమును కనుగొనెను. దాని స్వభావము తెలియనందున, గణితములో తెలియని రాశికి పెట్టు పేరునే దానికి పెట్టెను. అదియే ఎక్సు కిరణము. ఈ కిరణములు మాంసమును దాటి పోవును. ఎముకవద్ద చాలవరకు ఆగిపోవును. ఊపిరితిత్తులలో గాలి నిండియుండును గనుక కిరణములు సులువుగా దాటిపోవుటచే చిత్రములో ఆ భాగము నల్లగా కనబడును. క్షయ సోకిన చోటు గట్టిపడి కిరణములకు అడ్డు వచ్చును. అప్పుడు నల్లని భాగములో తెల్లని మచ్చ తేలును. వ్యాధి ముదిరినచో మచ్చ నడుమ గుల్ల యేర్పడుటయు కలదు.

ఇంతవరకు తేలికగనే యున్నది. అయితే తెల్లని మచ్చలన్నియు క్షయ కావు. న్యుమోనియా వలనను మచ్చ రావచ్చును. ఎన్నడో వచ్చి మానిపోయిన క్షయ తన గుర్తును విడిచి పోవచ్చును. రాతి ధూళి ఏండ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులలో చిన్న చిన్న ముడులు పుట్టును. కాన్సరు కూడ మచ్చగనే కనబడును. కావున చిత్రమును చదువుట ఒక విద్య. 1940 ల చివర అమెరికాలో ఈ విషయమును పరీక్షించి చూచిరి. ఒకే చిత్రమును ఇద్దరు వైద్యులు చదివినప్పుడు వారి అభిప్రాయములు తరచుగా వేరగుచుండెను. అంతే కాదు, ఒకే వైద్యుడు అదే చిత్రమును కొంతకాలమునకు మరల చదివి తన మొదటి మాటకు విరుద్ధముగా చెప్పుటయు కనబడెను. ఇది వైద్యుల అసమర్థత కాదు. నీడల స్వభావమే అట్టిది.

ఇక యంత్రము ఈ విద్యను ఎట్లు నేర్చినది? ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళను ఎరుగనివారు మన జిల్లాలో అరుదు. అచ్చట కంసాలి కుమారుడు గీటురాయిమీద బంగారమును గీచి వన్నె చెప్పుట పుస్తకము చదివి నేర్చుకొనడు. తండ్రి ప్రక్కన కూర్చుండి వేల గీతలు చూచును. 'ఇది మేలిమి, ఇందులో రాగి కలిసినది' అని తండ్రి చెప్పుచుండగా, తన మాట తప్పినప్పుడెల్ల దిద్దుకొనుచు పోవును. కొన్ని యేండ్లకు అతని కన్ను స్థిరపడును. కృత్రిమ మేధ నేర్చుకొను పద్ధతి ఇంచుమించు ఇదియే. కంప్యూటరుకు చిత్రము మనకు కనబడినట్లు కనబడదు. అది చిత్రమును అతి చిన్న గడులుగా విడదీసి, ప్రతి గడిలోని నలుపు తెలుపుల పాలును ఒక అంకెగా గ్రహించును. ఇది క్షయ, ఇది కాదు అని వైద్యులు గుర్తు పెట్టిన చిత్రములను వేలు, లక్షల కొలది దానికి చూపుదురు. అది ఒక మాట చెప్పును. తప్పినచో తన లోపలి లెక్కలను కొంచెము సవరించుకొనును. ఇట్లు సవరించుకొనగా సవరించుకొనగా ఆ లెక్కలు కుదురుకొనును. తరువాత మన గ్రామస్థుని చిత్రమును చూపినప్పుడు అనుమానము ఎంతయో తెలుపుచు ఒక అంకె వేయును. అనుమానము తోచిన చోట రంగు పూసి చూపును.

గీత చూచి వన్నె చెప్పినను, బంగారు విషయములో తుది నిర్ణయము పుటము పెట్టినప్పుడే గదా! క్షయ విషయములో ఆ పుటము తెమడ పరీక్ష. చిత్రములోని మచ్చ అనుమానము మాత్రమే. తెమడలో క్షయ సూక్ష్మజీవి దొరకుట నిశ్చయము. తెమడలో దొరకకున్నను ఇతర లక్షణములనుబట్టి వైద్యుడు వ్యాధిని నిర్ణయించు సందర్భములు కొన్ని కలవు. అది వైద్యుని పని. యంత్రము ఎవరిని రోగి అని నిర్ణయింపదు. తెమడ పరీక్షకు ఎవరిని పంపవలెనో మాత్రము చెప్పును. శిబిరమునకు వచ్చిన సభ్యులు ఈ భేదమును మరువరాదు.

మదనపల్లె, తుమకూరు

ఎక్సురే యంత్రము గ్రామమునకు వచ్చుట రాయలసీమలో ఇది మొదటి మారు కాదు. మదనపల్లెవద్ద ఆరోగ్యవరమున 1915 లో వెలసిన క్షయ ఆసుపత్రి దక్షిణ దేశమంతట ప్రసిద్ధమైనది. ఆ సంస్థకు చెందిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ 1950 నుండి 1955 వరకు మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో ప్రజలకు ఎక్సురే తీయించి క్షయ ఎంతమందికి కలదో లెక్కించు మహా ప్రయత్నమును నడపెను. ఆ పరిశోధన 1960 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటింపబడెను. అప్పుడు ప్రతి చిత్రమును వైద్యుడే కన్నులు పెట్టి చదువవలసి యుండెను.

అట్టి పని దేశమంతట జరుగుట సాధ్యము కాలేదు. యంత్రములకు ఖర్చు ఎక్కువ. చదువగల వైద్యులు తక్కువ. 1959 లో బెంగుళూరున ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ ఈ చిక్కునే ఆలోచించినది. 1962 లో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము, దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవారి తెమడను సూక్ష్మదర్శినితో పరీక్షించుటనే ప్రధానముగా ఆధారపడినది. ఆ రోజులలోనే బెనర్జీ, ఆండర్సన్ అను ఇద్దరు పరిశోధకులు, మన అనంతపురమునకు పొరుగుననున్న తుమకూరు జిల్లా పల్లెలలో క్షయరోగులను విచారించి 1963 లో తమ పరిశోధనను ప్రకటించిరి. రోగులలో సగమునకు పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రికి వెళ్ళియుండిరని తేలినది. అచ్చట వారికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపివేసిరి. పల్లెవాడు అజ్ఞాని, వైద్యమునకు రాడు అని పట్టణములలో చెప్పుకొను మాట ఎంత తప్పో ఈ ఒక్క విచారణ చాటినది. జమ్మలమడుగులో కాంబెల్ దొర పేర వెలసిన మిషను ఆసుపత్రికి మన తాతల నాటినుండి పల్లెజనము బండ్లు కట్టుకొని పోవుచుండిన సంగతి ఎరిగినవారికి ఇది వింత తోపదు.

నేటి స్థితి ఏమి? 2019 నుండి 2021 వరకు దేశవ్యాప్తముగా క్షయ సర్వే జరిగినది. క్షయ లక్షణములు గలవారిలో నూటికి 64 మంది వైద్యము కొరకు ఎక్కడికిని పోలేదని అందులో తేలినది. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి కలదు. ఆ సర్వేలో కనుగొనబడిన రోగులలో నూటికి 42.6 మంది ఎక్సురే తీయకున్నచో తప్పిపోయియుండెడివారు. అనగా వారికి చెప్పుకొనదగిన దగ్గు లేదు, జ్వరము లేదు. చిత్రములో మాత్రము మచ్చ కలదు. దగ్గు ఉన్నవారినే పరీక్షించు పాత పద్ధతికి ఇంతమంది చిక్కరు. ఎక్సురే మరల పల్లె దారి పట్టుటకు కారణమిదియే.

చదువువారి కొరతను తీర్చుటకే కృత్రిమ మేధ వచ్చినది. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 15 ఏండ్లును అంతకు మించిన వయస్సును గలవారి క్షయ వడపోతలో ఛాతి చిత్రములను వైద్యునికి బదులు కంప్యూటరు చదువవచ్చునని సిఫారసు చేసినది. అందులకై పరిశీలించిన మూడు సాధనములలో ఒకటి బొంబాయిలో తయారైనది. అదే సంవత్సరము, బంగ్లాదేశములోని ఢాకా నగరమున 23,954 మంది చిత్రములను ఐదు వేర్వేరు సాధనములచే చదివించిన పరిశోధన ప్రకటింపబడెను. ఐదును అచ్చటి ఎక్సురే వైద్యులకంటె మెరుగుగా పని చేసినవి. అయితే 60 ఏండ్లు దాటినవారిలోను, పూర్వము క్షయ వచ్చి మానినవారిలోను ఐదింటి పనితనమును తగ్గినది. ఈ చివరి మాటను సభ్యులు గుర్తుంచుకొనగోరెదను; దీని అవసరము ముందు కలుగును.

వెయ్యిమంది గ్రామము

యంత్రము 'అనుమానము' అన్నప్పుడు ఎంత నమ్మవలెను? దీనికి పలకమీద వేయదగిన లెక్క ఒకటి కలదు.

ఒక గ్రామమున 15 ఏండ్లు దాటినవారు 1000 మంది కలరనుకొందము. జాతీయ సర్వే ప్రకారము దేశమున ఈ వయస్సువారిలో లక్షకు 316 మందికి తెమడలో రుజువైన ఊపిరితిత్తుల క్షయ యుండెను. ఆ లెక్కన మన గ్రామమున ముగ్గురు. క్షయ వడపోతకు వాడు సాధనము రోగముగల నూరుగురిలో 90 మందినైనను పట్టవలెననియు, రోగము లేని నూరుగురిలో 70 మందినైనను విడిచిపెట్టవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీస ప్రమాణము పెట్టినది. సరిగా ఈ ప్రమాణమునకే తూగు యంత్రము మన గ్రామమునకు వచ్చినదనుకొందము. ఆ ముగ్గురును దొరకవచ్చును. కాని రోగములేని 997 మందిలో నూటికి 30 చొప్పున 299 మందికి కూడ అది అనుమానపు గుర్తు పెట్టును. గుర్తు పడినవారు మొత్తము 302 మంది. వారిలో రోగులు ముగ్గురు. నూటికి ఒకరు!

మేలైన యంత్రములు దీనికంటె బాగుగనే పని చేయుచున్నవి. ఎంత అంకె దాటినచో అనుమానమని పిలువవలెనో ఆ హద్దును అధికారులు హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. హద్దును హెచ్చించినచో ఊరక గుర్తు పడువారు తగ్గుదురు. కాని నిజమైన రోగి జారిపోవు భయము హెచ్చును. తగ్గించినచో ఇందుకు విరుద్ధము. మన శిబిరములో ఏ హద్దు పెట్టినారు, ఎందుకు పెట్టినారు అని వైద్యాధికారిని అడుగుటకు సభ్యులు సంకోచింపనక్కరలేదు.

ఈ లెక్కనుండి గ్రామమునకు మూడు సంగతులు తెలియుచున్నవి. గుర్తు పడిన ప్రతివారును రోగి కాదు. శిబిరము ముగిసిన సాయంకాలమే 'ఫలానా యింటి కోడలికి క్షయ యట' అను మాట రచ్చబండ చేరినచో, ఆ యింట ఒక పెండ్లి సంబంధము తప్పిపోవచ్చును. మరుసటి శిబిరమునకు ఆ వీధివారు ఎవరును రాకపోవచ్చును. కావున జాబితా వైద్య సిబ్బంది చేతిలోనే యుండవలెను. పంచాయతీ గోడమీద గాని, గ్రామపు వాట్సప్ గుంపులో గాని పేర్లు పెట్టరాదు.

రెండవది తెమడ పరీక్షల ఏర్పాటు. యంత్రము మూడు వందల మందిని చూపి, తెమడ డబ్బాలు ఏబది మాత్రమే వచ్చినచో ఆ శిబిరము చూచుటకే గాని చేయుటకు కాదు. ట్రూనాట్, సీబీనాట్ అను పరీక్షలు క్షయ సూక్ష్మజీవిని కనుగొనుటయే గాక, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందు ఆ రోగికి పనిచేయునో లేదో కూడ తెలుపును. వీనిలో ట్రూనాట్ మన దేశమున గోవాలో తయారైనది, బ్యాటరీతో నడచును. తెమడ ఏ పరీక్షా కేంద్రమునకు, ఎవరి చేత, ఏ వాహనములో, ఏ దినము పోవునో శిబిరమునకు ముందే తెలిసికొని వ్రాసి పెట్టుకొనవలెను.

మూడవది, గుర్తు పడనివారి సంగతి. పదిమంది రోగులలో ఒకరు జారిపోవచ్చునని ప్రమాణమే చెప్పుచున్నది. మెడ గడ్డలలోను, ఎముకలలోను వచ్చు క్షయ ఛాతి చిత్రములో కనబడదు. కావున రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, తెమడలో రక్తము వీనిలో ఏది యున్నను, యంత్రము 'బాగున్నది' అన్నప్పటికిని తెమడ పరీక్ష చేయింపవలెను. దగ్గుచున్న మనిషిని యంత్రపు మాట చెప్పి ఇంటికి పంపుట, ఆనాడు తుమకూరులో మందు సీసా ఇచ్చి పంపిన దానికంటె ఏ విధముగను మెరుగు కాదు.

మన ప్రాంతపు ధూళి

యంత్రము తాను చూచి నేర్చిన చిత్రములవంటివే ముందుకు వచ్చినప్పుడు బాగుగ చెప్పును. వేరు రకమువి వచ్చినప్పుడు తడబడును. మన ప్రాంతమున ఇది పుస్తకములోని మాట కాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరములలో నాపరాయి గనులు, బండల పాలిషు కర్మాగారములు విస్తారముగా కలవు. పులివెందుల ప్రాంతమున ముగ్గురాయి గనులు కలవు; బ్రాహ్మణపల్లె వైపున పూర్వము రాతినార త్రవ్వకములును జరిగినవి. నాడు పని చేసినవారు కొందరు నేడు వృద్ధులై మన గ్రామములలోనే యుండవచ్చును. రాతి ధూళిలో, ముఖ్యముగా పలుగురాతి పాలుగల ధూళిలో, సిలికా అను పదార్థము ఉండును. అది ఊపిరితిత్తులలో ముడులు కట్టించును. దీనినే సిలికోసిస్ అందురు. దానికి నయమగు మందు లేదు. ధూళిని మానుటయే మార్గము. అంతటితో పోక, సిలికా చేరిన ఊపిరితిత్తులకు క్షయ సులువుగా సోకును.

కావున రాతిపని చేసిన ఒక మనిషి చిత్రములో మచ్చ కనబడినచో అది ధూళి మచ్చ కావచ్చును, క్షయ కావచ్చును, రెండును కావచ్చును. యంత్రమునకు మచ్చయే తెలియును గాని ఆ మనిషి ఇరువది యేండ్లు ఏ బండ కోసెనో తెలియదు. ధూళి మచ్చను క్షయయని భ్రమించి ఆరు నెలలు మందు మ్రింగించినచో రోగికి మేలు కలుగదు. క్షయను ధూళి మచ్చయని విడిచినచో ఇంటిల్లిపాదికి అంటుకొనును. తెలియవలసిన ఆ ఒక్క సంగతి గ్రామములోనివారికి తెలియును! వార్డు సభ్యులకు తమ వార్డులో ఎవరు గనికి పోయినారు, ఎవరు పాలిషు యంత్రముమీద పని చేసినారు, ఎవరికి పదేండ్ల క్రిందట క్షయ వచ్చి మానినది, ఇవన్నియు తెలిసినవే. శిబిరమునకు ముందు ఆశా కార్యకర్తతో కూర్చుండి ఈ వివరములను చీటీలమీద వ్రాయించి, ప్రతివారి చీటీ వారివెంట వైద్యునికి చేరునట్లు చూచినచో అది యంత్రమునకు లేని కన్ను అగును. ఢాకా పరిశోధనలో యంత్రములు తడబడిన వృద్ధులు, పూర్వ రోగులు, మన రాతి పనివారు, వీరి చిత్రములను యంత్రపు మాటతో విడువక తప్పక వైద్యుడు చూడవలెనని సభ్యులు కోరవచ్చును.

మధుమేహము గలవారికి క్షయ సోకు అవకాశము ఇతరులకంటె రెండు మూడు రెట్లు. వారిని కూడ జాబితాలో ముందుంచవలెను. ప్రసంగవశమున చెప్పదగినది : మధుమేహముచే కంటిపొర చెడుటను కంటి లోపలి చిత్రమునుబట్టి కనిపెట్టు కృత్రిమ మేధ పరిశోధన 2016 లో ప్రకటింపబడగా, అందులో మదురై అరవింద కంటి ఆసుపత్రివంటి మన దేశపు సంస్థల చిత్రములు ఉపయోగపడినవి. చక్కెర వ్యాధిగ్రస్తునికి ఛాతియు, కన్నును రెండును చూపింపవలెనని ఆశా కార్యకర్త చెప్పినచో అది అనవసరపు ఖర్చని త్రోసివేయరాదు.

15 ఏండ్లలోపు పిల్లల చిత్రములకు పై సిఫారసు వర్తింపదు. వారిని వైద్యుడే చూడవలెను. గర్భిణులు తమ స్థితిని ముందుగా చెప్పవలెను. కిరణముల వలన హాని యని కొందరు జంకుట కలదు. ఒక ఛాతి చిత్రమునకు తగులు కిరణములు 0.1 మిల్లీ సీవర్టు లేక అంతకు తక్కువ. భూమినుండి, ఆకాశమునుండి ప్రతి మనిషికి సహజముగా తగులునది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. కాబట్టి పెద్దలు భయపడనక్కరలేదు. అయినను యంత్రమునకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి యుండవలెను. చిత్రము తీయు సమయమున చుట్టును జనము గుమిగూడరాదు. ఈ రెండవది మన చేతిలోని పనియే.

శిబిరము ఏ వేళ?

కూలికి పోవువారు ఉదయము ఏడు గంటలకే గ్రామము విడుతురు. పది గంటలకు మొదలై నాలుగు గంటలకు ముగియు శిబిరమున చిత్రము తీయించుకొనువారు ఇంటిపట్టున ఉండువారు మాత్రమే. గనికి, పాలిషు కర్మాగారమునకు, చీనీ తోటలకు పోవువారు తప్పిపోవుదురు. చూడవలసినది వారినే. వేకువనో, చీకటి పడిన తరువాతనో శిబిరము పెట్టించుట పంచాయతీ చేయగల గొప్ప సహాయము. ప్రొద్దుటూరు పరిసరములలో మగ్గముమీద కూర్చున్నవారు పని మధ్యలో లేచుటకు ఇష్టపడరు. యంత్రము చేతితో మోయదగినదే గనుక చేనేత వీధిలోనే ఒక పూట నిలుపవచ్చును. మంచము పట్టిన వృద్ధుల యిండ్లకు కూడ దానిని తీసికొని పోవచ్చును. ఇటుక బట్టీలవద్ద గుడిసెలు వేసికొన్న వలస కూలీలు ఏ ఓటరు జాబితాలోను ఉండరు. అయినను వారు పీల్చునది మన గ్రామపు గాలియే.

క్షయరహిత పంచాయతీ బిరుదు

2023 మార్చి 24 వ తేదీన కేంద్ర ప్రభుత్వము క్షయరహిత పంచాయతీల పథకమును ప్రకటించినది. అర్హత పొందిన పంచాయతీకి గాంధీ మహాత్ముని ప్రతిమ యిత్తురు. మొదటి యేడు కంచు వన్నె, వరుసగా రెండేండ్లు నిలుపుకొన్నచో వెండి వన్నె, మూడేండ్లకు బంగారు వన్నె. అర్హతకు కావలసినవి : ఏడాదిలో వెయ్యి జనాభాకు 30 మందికి తక్కువ కాకుండ అనుమానితుల పరీక్ష, వెయ్యికి ఒకరికి మించని క్షయ నమోదు, చికిత్స పొందినవారిలో నూటికి 85 మందికి తగ్గకుండ నయమగుట, నూటికి 60 మందికి తగ్గకుండ మందు పనిచేయునో లేదో చూచు పరీక్ష, రోగులందరికి పోషకాహార సహాయము.

పథకము మంచిదే. కాని పై నియమములలో ఒక ప్రలోభము దాగియున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. వెయ్యికి ఒకరికి మించి నమోదైనచో ప్రతిమ రాదు. అప్పుడు, 'ఇంకను వెదకి ఎందుకు పేరు చెడగొట్టుకొనవలెను?' అను ఆలోచన ఎవరికైన కలుగవచ్చును. వెదకనిచో రోగి కనబడడు. కనబడనివాడు లేనివాడు కాడు. వెయ్యికి 30 పరీక్షలు అను నియమమును పెట్టినది ఇందులకే. ఆ 30 ని కూడ సులువుగా దొరకు ఆరోగ్యవంతులైన యువకులతో నింపివేయవచ్చును గదా! పరీక్షింపబడినవారిలో రాతి పనివారెందరు, వృద్ధులెందరు, మధుమేహులెందరు, రోగి యింట నివసించువారెందరు అని సర్పంచి అధ్యక్షతన జరుగు గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషణ సంఘములో అడిగి, ఆ అంకెలను తీర్మానముల పుస్తకమున వ్రాయించినచో ఆ 30 కి విలువ కలుగును. మంచి యంత్రముతో గట్టిగా వెదకిన మొదటి యేడు నమోదు పెరుగుటయే సహజము. అది అవమానము కాదు.

కనుగొన్న పిదప

మందుల కాలము సామాన్యముగా ఆరు నెలలు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు గాని మందులకు గాని రోగి చెల్లింపవలసినది లేదు. రెండు నెలలకు దగ్గు తగ్గగనే మందు మానువారు చాలమంది; మొండి క్షయ పుట్టుటకు ఇది ముఖ్య కారణము. 2018 లో నెలకు 500 రూపాయలుగా మొదలైన నిక్షయ పోషణ సహాయము 2024 నవంబరు 1 నుండి నెలకు 1000 రూపాయలైనది. ఈ సొమ్ము రోగి బ్యాంకు ఖాతాకు చేరును. ఖాతా లేకపోవుట, ఆధారు జతపడకపోవుట, పేరులో అక్షరము తేడా యుండుట, ఇట్టి చిన్న కారణములచే సొమ్ము నిలిచిపోవుచుండును. ఈ చిక్కులను విప్పుట వైద్యుని పని కాదు. వార్డు సభ్యులు ఒక పూట బ్యాంకుకు వెంట పోయినచో తీరును. వేరుశెనగలు, కందిపప్పు, గ్రుడ్లు ఇచ్చి రోగిని ఆదుకొను దాతలను నిక్షయ మిత్రులుగా చేర్చు పద్ధతి 2022 నుండి కలదు. సందేహములకు 1800-11-6666 అను ఉచిత టెలిఫోను కలదు.

రోగి యింటివారందరికి చిత్రము తీయించుట మరువరాదు. చికిత్స ముగిసినవారిని రెండేండ్ల వరకు ఆరు నెలలకొక మారు చూడవలెనని కార్యక్రమ నియమము. అట్టివారి ఊపిరితిత్తులలో మానిన మచ్చ మిగిలియుండవచ్చును; వచ్చే యేడు శిబిరములో యంత్రము దానికి మరల గుర్తు పెట్టును. అప్పుడు పాత చిత్రము చేతిలో యున్నచో వైద్యుడు రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి, మచ్చ పెరిగినదా లేదా అని చూచి చెప్పగలడు. కావున చిత్రపు నకలును, దాని సంఖ్యను, తేదీని రోగికి ఇప్పించి, రేషను కార్డుతోబాటు పెట్టెలో దాచుకొనుమని చెప్పవలెను.